చిన్న ముక్కులు

నేను జింకు పలకల మీద బొమ్మలు దించేవాణ్ణి.
కాసెల్ పట్నంలో, పత్రిక ఆఫీసు నేలమాళిగలో,
ఆమ్లం కాటుకి గోళ్ళు పసుపెక్కినవాణ్ణి.
పైన మేడ మీద ఓట్‌ఫ్రీట్ కెస్టర్ గీసేవాడు,
కింద నేను ఆ గీతల్ని లోహానికి నేర్పేవాణ్ణి.
మీరంతా అతని బొమ్మల్ని సూటిగా చూశారు.
నలభై ఏళ్ళు నేను తిరగేసి చూశాను.

వాళ్ళ నాన్న మంగలి.
ఫుల్డా ఏటి ఒడ్డున రెండు కుర్చీల దుకాణం.
పై పెదవి గీసేటప్పుడు
ముక్కు కొసని రెండు వేళ్ళతో పట్టి ఎత్తుతారు చూడండి,
అప్పుడు జడ్జీ అయినా, కసాయి అయినా ఒకటే,
నోరు మూసుకుని కప్పు కేసి చూస్తాడు.
"నా చదువంతా అక్కడే" అనేవాడు కెస్టర్.
ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో గీసి
గిరాకీ కళ్ళు తెరిచేలోగా తుడిచేసేవాడట.
తుడవడం మరిచిన రోజు
పోస్టుమాస్టరు నవ్వాడు, నాన్న కొట్టాడు.

ఇరవై రెండేళ్ళకి మా పత్రికలో చేరాడు.
మేయర్ని బొజ్జకి గొలుసు కట్టిన గడియారంగా గీస్తే
మేయరే మనిషిని పంపి అసలు ప్రతి కొనుక్కున్నాడు.
నాటకాల కంపెనీకి టోపీలు కుట్టే ఇర్మ్‌గార్ట్
తన గడ్డం అన్యాయంగా సాగదీశాడని తగువుకొచ్చి
ఆ గడ్డంతోనే అతని ఇంట్లో ఉండిపోయింది.
నన్నూ గీయమని అడిగాను ఒకసారి.
ఎగాదిగా చూసి, "నీ ముఖానికి పిడి లేదోయ్,
ఎక్కడ పట్టుకోను?" అన్నాడు.

తరవాత ఆ ఏళ్ళు.
ఇందాకటి నుంచీ నేను నవ్విస్తున్నది ఇది చెప్పలేకే.
ఎడిటర్ మారాడు. గోడ మీది పటం మారింది.
మూడు బొమ్మలు అడిగారు.
ఎలాంటి ముక్కులు కావాలో కొలత కూడా చెప్పారు.
గీశాడు.
నేను దించాను. ఈ చేతులతోనే ఆమ్లంలో ముంచాను.
ఆ వంకర ముక్కులు పలక మీద ఎదురు వైపుకి వంగాయి,
అంతే తేడా.

మా వీధి చివర గుండీల కొట్టు కాట్సెన్‌స్టైన్ గారిది
బఠాణీ గింజంత ముక్కు.
పట్టుకోబోతే వేళ్ళు జారిపోతున్నాయని
కెస్టర్ నాన్న వేళాకోళమాడేవాడు.
మూడో బొమ్మ అచ్చయిన వారం
ఎవరో దాన్ని ఆయన కొట్టు అద్దానికే అంటించారు.
ఆయన బయటికొచ్చి, కళ్ళజోడు సవరించుకుని,
అందులో తనెక్కడున్నాడా అని వెతుక్కున్నాడు.
కొట్టు పగిలిన రాత్రి ఒలికిన గుండీలు
కాలవలో పిల్లలకి చాలా రోజులు దొరికాయి.
ఆయన్ని ఒక డిసెంబరులో రైలెక్కించారు.

యుద్ధం పోయింది, ఊరు ముప్పాతిక పోయింది.
కెస్టర్ మళ్ళీ గీశాడు,
మంత్రుల్ని, బిషప్పుల్ని, బంతి వదిలేసిన గోల్‌కీపర్ని.
చేటలంత చెవులు, కోటగోడలంత కాలర్లు.
ముక్కు మాత్రం ఎవరికైనా చిన్న చుక్క.
పండితులు దాన్ని శైలి అన్నారు. బహుమతి ఇచ్చారు.
కింద ఒక్కో చుక్కనీ చెక్కుతూ
నేను నోరెత్తలేదు.

చెయ్యి వణకడం మొదలయ్యాక
ఆ వణుకుని నేనే ఉలితో సరిచేసేవాణ్ణి, రహస్యంగా.
కనిపెట్టాడు. నేలమాళిగ మెట్లు దిగొచ్చాడు, మొదటిసారి.
"చాలించు. ఆ వణుకు నాది. వదిలెయ్."

డెబ్బై నాలుగులో లైబ్రరీ హాల్లో ప్రదర్శన.
పళ్ళకి తీగ కట్టుకున్న పిల్ల ఒకతె అడిగింది,
"తాతా, ఎవరికీ ముక్కుల్లేవేం?"
హాలంతా నవ్వింది. అతను నవ్వలేదు.
మర్నాడు, ఇంకా తలుపులు తీయకముందే,
అట్టపెట్టెలోంచి మూడు పాత కత్తిరింపులు తీశాడు.
మేకులు నేను పట్టుకున్నాను,
వణికే చేత్తో అతను కొట్టాడు.
రెండు దెబ్బలు మేకు మీద, ఒకటి నా బొటనవేలి మీద.
కింద చీటీలో "గీసింది" అని తన పేరు రాశాడు.
"దించింది" అని రాసి, ఆగి,
కలం నాకిచ్చాడు.